నలుగురి నోట్లో సబ్బు

తూముపాడులో భగవాన్లు కుటుంబానికి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అన్నారు. ఇంట్లో ముగ్గురు: భగవాన్లు, అతని భార్య తవిటమ్మ, తమ్ముడు ఎర్నాయుడు. "మిగతావాళ్ళు ఒక మాట వింటే దాని వెనక ఇంకేదో వెతుక్కుంటారు. మనకా అవస్థ లేదు. మాట ఎలా ఉందో అలాగే తీసుకుంటాం. తెలివంటే అదీ," అనేవాడు భగవాన్లు.

ఆ తెలివితోనే ముగ్గురూ కలిసి 'చిడత' అని కళల పత్రిక పెట్టారు. పార్టీ అండ లేదు, పెద్దమనుషుల అండ లేదు. స్వతంత్ర పత్రిక. మొదటి సంచిక చూసి ఒక పెద్దాయన, "బాగుంది నాయనా. ఇక ఇది సొంత కాళ్ళ మీద నిలబడాలి," అని దీవించాడు. అంతే. ప్రతి కాపీకీ నాలుగేసి వెదురుపుల్లలు గుచ్చారు. ఎర్నాయుడు ఒకటి బల్ల మీద పెట్టి చూశాడు. నిలబడింది.

"పెద్ద పెద్ద పత్రికలన్నీ పడుకునే ఉంటాయి అన్నా! మనదొక్కటే లేచి నిలబడింది," అన్నాడు.

రెండో సంచిక సోములు తాత కోసం. ఆయన తప్పెటగుళ్ళ గురువు. రొమ్మున రేకు తప్పెట కట్టుకుని, వాయిస్తూ చిందేస్తూ పాడే ఆట అది. నేర్చుకునేవాళ్ళు లేక దళం చెదిరిపోయింది. మేకపిల్ల పాట అని ఒకటుంది. అది ఆయనకి తప్ప ఇంకెవరికీ రాదు.

"నేను పోతే నాతోపాటే పోతాది బాబూ. నా తరవాత ఒక్కడైనా పాడాల. ఆ ఒక్కడి కోసమే నా బెంగ," అన్నాడు తాత.

తవిటమ్మ ఆ పాటంతా కాగితం మీద రాసింది. ముగ్గురూ కట్ట పట్టుకుని ప్రెస్సుకి వెళ్ళారు. ప్రెస్సు యజమాని కామేశం కట్ట వైపు చూడనైనా చూడలేదు.

"పాటలకి నేను కాగితం పెట్టలేనయ్యా. వెనక అట్టకి ఒక ప్రకటన పట్టుకురండి, వెంటనే అచ్చు మొదలెడతా. లేదంటే ఇది ఇంటికి తీసుకుపోండి."

కళని బతికించాలంటే సబ్బో నూనో అమ్మేవాడి గుమ్మం ఎక్కాలి. లోకం అలా ఏడిసింది, వాళ్ళేం చేస్తారు? ఎక్కారు. తెల్లకొంగ సబ్బులు చేసే వరహాల శెట్టి గుమ్మం.

"మీ చిడతో గిడతో, ఎంతమంది చదువుతారయ్యా?" అన్నాడు శెట్టి.

"మేం ముగ్గురం చదువుతామండి. ఎర్నాయుడు రెండుసార్లు చదువుతాడు," అన్నాడు భగవాన్లు.

శెట్టి తల పట్టుకున్నాడు. "ఇలా చూడండి. నాకు కావలసింది పేజీ కాదు. తెల్లకొంగ పేరు నలుగురి నోళ్ళలో నానాలి. అది చెయ్యగలిగితే ప్రకటన ఇస్తా."

"నానాలి, అంతేనా?"

"అంతే."

"ఎంతసేపు నానాలి బాబూ?" అడిగింది తవిటమ్మ. పని ఏదైనా వివరం కనుక్కుని గాని చెయ్యదు.

"ఎంత నానితే అంత మంచిది తల్లీ."

ఇంకేముంది. సబ్బుబిళ్ళ మీద తెల్లకొంగ అని పేరు గుద్ది ఉంది కదా. పేరు విరక్కూడదని నాలుగు నిండు బిళ్ళలు కొన్నారు. ఇంట్లో నోళ్ళు మూడే. నాలుగో నోటి కోసం సోములు తాతని సంత మధ్యకి పిలుచుకొచ్చారు.

"ఏట్రా ఇది? సబ్బు!"

"నీ పాట కోసమే తాతా. కాస్త నోరు తెరు."

పాట కోసమంటే ఆయన నూతిలో కూడా దూకుతాడు. నోరు తెరిచాడు. నలుగురూ సబ్బులు కరుచుకుని సంతలో వరసగా కూచున్నారు. కాసేపటికి నురగ మొదలైంది. గడ్డాల మీంచి కారింది. ఎర్నాయుడి ముక్కులోంచి బుడగలు లేచాయి.

"మూర్ఛ! నలుగురికీ ఒక్కసారే మూర్ఛ!" అని జనం మూగారు. ఒకావిడ తాళంచెవుల గుత్తి తెచ్చి భగవాన్లు చేతిలో కుక్కింది. "ఏం తిన్నార్రా?" అని అడిగితే, నానుతోంది కదా, ఎవరూ జవాబు చెప్పలేదు. చివరికి నలుగురు మనుషులు పట్టుకుని తాత నోట్లోంచి బిళ్ళ లాగారు. పైకి చదివారు. తెల్లకొంగ!

సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఆ నలుగురి మీద పడి తిట్టడానికి బయల్దేరిన శెట్టికి దుకాణం ముందు గుంపు అడ్డొచ్చింది. అంతమందీ ఆ సబ్బు చూడ్డానికే వచ్చారు. శెట్టి తిట్లన్నీ మింగి, వెనక్కి తిరిగి, ప్రకటన రాసిచ్చాడు. పైగా బుట్టెడు సబ్బులు బహుమానం.

కామేశం మాట నిలబెట్టుకున్నాడు. 'చిడత' రెండో సంచిక అచ్చయి, సిరా తడి ఆరకుండానే ఇంటికి చేరింది. వెనక అట్టకి ప్లాస్టిక్ పూత పూశారు. దాని మీద పెద్ద అక్షరాలు: "తెల్లకొంగ ఉన్న ఇంట నల్ల మరక ఉండదు! ఈ రోజే ఉతికి చూడండి!"

తవిటమ్మ చదివింది. పత్రిక తెరిచింది. గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఒలమ్మా! లోపలంతా నల్ల మరకలే!"

"అవి అక్షరాలు కాదా వదినా?" అన్నాడు ఎర్నాయుడు.

"అక్షరాలైతే మాత్రం? నల్లగా ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి."

"ప్రకటన ఇచ్చినాయన మాట పత్రికే వినకపోతే పాఠకులు వింటారా మరిదీ?"

ఆ మాటకి అన్నదమ్ములిద్దరూ లేచారు. కట్టలన్నీ గోలెంలో నానబెట్టారు. సబ్బు రుద్దారు. పేజీ పేజీ చేత్తో తోమారు. తవిటమ్మ రాసిన కాగితాలకి మరకలు మరీ ఎక్కువని వాటినీ ఉతికారు. దండెం మీద ఆరేశారు. ఒక్క నలుపు లేదు. వెనక అట్ట మీద ప్రకటన మాత్రం చెక్కుచెదరలేదు. చిన్న పత్రికల్లో ఆఖరికి మిగిలేది అదే.

సోములు తాత ఉతికిన పంచె కట్టుకుని తన పాట చూసుకోవడానికి వచ్చాడు. తెల్లటి కాగితాలు గాలికి ఊగుతున్నాయి.

"నా పాటేదమ్మా?"

"చూడు తాతా, ఒక్క మరక లేదు!"

ముసలాయన దండెం కింద కూలబడ్డాడు. తర్వాత లేచి గర్జించాడు.

"ఎవడి సబ్బు కోసమో నా పాట ఉతికేశార్రా! కాగితాల మాట ఇక ఎత్తకండి. ఇప్పుడే పాడతాను, బుద్ధిగా పాట పట్టుకోండి. మళ్ళీ పాడే ఓపిక నాకు లేదు."

"పట్టుకుంటాం తాతా!" అని తవిటమ్మ లోపలికి పరిగెత్తి బిందె తెచ్చింది. పాట చల్లారకముందే ప్రెస్సుకి చేర్చాలని భగవాన్లు ఆటో పిలిచాడు. ఆటో నడిపే గవరయ్య వాకిట్లో ఆపి నిలబడ్డాడు.

తాత కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"ఏరు దాటే మేకపిల్లా, నీ మువ్వ ఏ గట్టున జారిందే..."

ఎర్నాయుడు ఆయన గడ్డం కింద బిందె పట్టాడు. "ఒలకనివ్వకురా," అని భగవాన్లు గుసగుసలాడాడు. ఒక చరణం పక్కకి పోతోందనిపించి తవిటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. పాట అయిపోగానే మూత పెట్టి, గుడ్డతో బిగించి కట్టారు. అంతా ఆటో ఎక్కారు. "ప్రెస్సుకి నేనూ వస్తాను, మిమ్మల్ని నమ్మలేను," అని తాత కూడా ఎక్కాడు.

ప్రెస్సు ముందు తాతని ఆటోలోనే కూచోబెట్టి ముగ్గురూ బిందెతో లోపలికి వెళ్ళారు. కామేశం గుడ్డ విప్పాడు. మూత తీశాడు. తొంగి చూశాడు.

"ఖాళీ బిందె ఎందుకు తెచ్చారయ్యా?"

"మూత తీసేశాడు!" అని తవిటమ్మ నెత్తి కొట్టుకుంది. "పాటంతా పోయింది! పరిగెత్తండి!"

పోయిన పాట కోసం ముగ్గురూ బిందె గుడ్డ లాక్కుని వీధిలోకి ఉరికారు. బయట గవరయ్య ఆటోకి ఆనుకుని, రేకు మీద వేళ్ళతో దరువేస్తూ కూనిరాగం తీస్తున్నాడు. "ఏరు దాటే మేకపిల్లా..." ఒక్క మాట తప్పు పోలేదు. వెనక సీట్లో సోములు తాత కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మళ్ళీ పాడు నాయనా. రెండో చరణం కూడా వచ్చేసిందా నీకు?"

"ఇందాక వాకిట్లో వింటూంటేనే వచ్చేసింది తాతా," అని గవరయ్య గొంతెత్తాడు.

"దొరికింది!" అని అరిచాడు భగవాన్లు. "ఇతని నోట్లో దూరింది! పట్టుకోండి!"

అంతే. భగవాన్లు రెక్కలు పట్టాడు. ఎర్నాయుడు ఆ గుడ్డ గవరయ్య నోటికి చుట్టాడు.

"గట్టిగా కట్టు మరిదీ, ఈసారి ఒక్క చుక్క బయటికి పోకూడదు," అంది తవిటమ్మ.

"వదలండ్రా వాణ్ణి! నా పాట వాడికొచ్చిందిరా!" అని తాత మొత్తుకుంటున్నాడు.

"అందుకే కదా తాతా," అని ముగ్గురూ గవరయ్యని ఎత్తుకుని లోపలికి మోసుకెళ్ళి, మిషను మీద వెల్లకిలా పడుకోబెట్టారు.

"కామేశం గారూ, కానివ్వండి. ఇతన్ని అచ్చు వెయ్యండి."