మోరన్న పూడ్చిన బ్యాటరీలు

“అట్లా కాదు మోరన్నా. ఈ గుంట చుట్టూ వెతికితే ఒక్క చీమ కూడా కనబడలేదు. ఇక్కడ ఏం పూడ్చావు?” అని అడుగుతోంది ఒంటినిండా పొలుసులతో, చీమలు తిని బతికే అలుగు పొలుసమ్మ.

మోరన్న అనే అడవిపంది మట్టి అంటిన మూతిని పక్కకు తిప్పుకున్నాడు. “పూడ్చడం నా పనే కదమ్మా. పాడైపోయినవి తెచ్చిస్తారు, పూడుస్తాను. మట్టికిస్తే మట్టి కలుపుకుంటుంది,” అన్నాడు.

అది మద్దిమాకుల అడవి. అక్కడ అడవిపందులు, అలుగులు, దుప్పులు, ఏదుపందులు, ఒక పునుగుపిల్లి ఉండేవి. తాతల నాటి నుంచి ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఒలిచిన తొక్కయినా, విరిగిన కొమ్మయినా, చిరిగిన చాపయినా అందరూ తెచ్చి అడవిపంది ఇంటి ముందు పెట్టి పోతారు. అతను గుంట తీసి పూడుస్తాడు. వానలు పడితే అదే ఎరువవుతుంది. తను పూడ్చిన చోట మొలక లేచిందంటే మోరన్న ఆ రోజంతా కూనిరాగం తీసుకుంటూ తిరిగేవాడు.

పునుగుపిల్లి పేరు సుగంధి. ఒంటి వాసనంటే ఆమెకి మహా గొప్ప. డీజిలు బండ్ల పొగ తన వాసన చెడగొడుతోందని ఆ బండ్లన్నీ మాన్పించి, బ్యాటరీ బండ్లు తెచ్చింది. మంచి పనే చేసింది. పొగ పోయింది. దుప్పి పిల్లల దగ్గు తగ్గింది. అడవంతా ఆమెను మెచ్చుకుంది. ఆ మెప్పే ఆమె తలకెక్కింది.

బ్యాటరీ కాస్త నీరసపడితే చాలు, సుగంధి దాన్ని పీకి మోరన్న ఇంటి ముందు పడేసేది. కొలిమి నడిపే ఏదుపంది ఎర్రకొండను తవ్వి, ఆ రాయి కరిగించి కొత్తవి చేసేవాడు. అవి తెచ్చి బిగించుకునేది. పాతవి ఏమవుతాయని ఎవరన్నా అడిగితే నవ్వేది. ఏటేటా కొత్తవి చవకవుతుంటే పాతదాన్ని పట్టుకుని వేలాడేదెవరు అనేది.

మోరన్న అన్నిటితో పాటు వాటినీ వాగు ఒడ్డున పూడ్చాడు. మొలక మాత్రం ఎన్నాళ్ళకీ లేవలేదు.

పొలుసమ్మ మోరన్నని వాగు వైపు చూడమంది. మోరన్న కూతురు బుంగి బురదలో పొర్లి అప్పుడే వస్తోంది. దాని పొట్టంతా ఎర్రగా దద్దుర్లు. దురదకి ఆగలేక చెట్టుకేసి రుద్దుకుంటోంది. మోరన్న గుంట వైపు చూశాడు. పిల్లలు పొర్లే బురద ఆ గుంటకు దిగువనే ఉంది.

ఆ మధ్యాహ్నమే గుంట తవ్వాడు. బ్యాటరీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొన్ని పగిలి, వాటిలోంచి ఏదో ఘాటు నీరు కారుతోంది.

“మట్టి కలుపుకోలేదమ్మా. ఒక్కదాన్ని కూడా కలుపుకోలేదు,” అన్నాడు.

తడి తగలని చాపరాయి మీద వాటిని పరిచి, అడవిలో అందరినీ పిలిచాడు. తను చేసింది తనే చెప్పాడు. బుంగి పొట్ట చూపించాడు. దుప్పులు భయపడిపోయాయి. ఈ బండ్లూ వద్దు, మళ్ళీ డీజిలు బండ్లే నయమని కొందరన్నారు.

సుగంధి తోక ఎగరేసింది. “పూడ్చింది ఈ బురద మూతివాడు, నింద నాకా? నా బండ్లు వద్దంటే పోయి పొగ మింగండి,” అంది.

అప్పుడు పొలుసమ్మ మెల్లగా అంది. “బండి తప్పు కాదు సుగంధీ. పొగ పోవడం అందరికీ మంచిదే. కొత్తది తెచ్చే రోజే అడగాలి, పాతదయ్యాక ఎక్కడికి పోతుందని.”

సుగంధి ఆ మాట చెవిన పెట్టకుండా వెళ్ళిపోయింది.

పొలుసమ్మ రాయి మీద బ్యాటరీలన్నీ చూసింది. ముసలి ఏనుగు దుంగ మోయలేకపోతే పిల్లల్ని ఆడించలేదా అంది. నిజమే. పగలని వాటిలో చాలావరకు బండి లాగలేవు గానీ, దీపం వెలిగించగలవు. వాటిని అందరూ వాటాలు పంచుకుని బొరియల్లో దీపాలు పెట్టారు. దీపానికి కూడా పనికిరానివి, పగిలినవి ఏదుపంది జాగ్రత్తగా కొలిమికి పట్టుకుపోయాడు. వాటిని కరిగిస్తే, కొండలోంచి తీసే లోహమే వాటిలోంచీ వచ్చింది.

అది వానాకాలానికి అక్కరకొచ్చింది. ఎర్రకొండ పైపై రాయి అప్పటికే అయిపోయింది. లోతుకు తవ్వితే ధర పెరుగుతుంది, కొండ అడుగున ఊటా ఎండుతుంది. ఇక తవ్వనని ఏదుపంది తేల్చి చెప్పాడు. పాతవి తెచ్చినవాళ్ళకే కొత్తవి, అదీ చవకగా అన్నాడు. అందరి దగ్గరా పాతవి ఉన్నాయి, సుగంధి దగ్గర తప్ప. ఆమె నీరసపడినవన్నీ ఎప్పటిలాగే పీకి పడేసింది, వాటి బదులు కొత్తవి దొరక్క బండ్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. సుగంధి వానలో తడుస్తూ, మూతి దాకా బురదతో మోరన్న ఇంటికి నడిచొచ్చింది. ఆ బురదలో ఆమె వాసన ఎవరికీ తెలియనే లేదు.

మోరన్న ఒక మాటతో ఎత్తిపొడవొచ్చు. కానీ పొడవలేదు. “రా సుగంధమ్మా, మూతి నాదీ బురదే, నీదీ బురదే,” అని నవ్వాడు. తన వాటా పాత బ్యాటరీలు ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి పాడైతే నా గుంటకి కాదు, కొలిమికి తీసుకుపో అన్నాడు. ఆమె తల దించుకుని సరేనంది.

అప్పటి నుంచి మోరన్న ఇంటి ముందు రెండు చోట్లున్నాయి. కుళ్ళేది గుంటలోకి, కుళ్ళనిది చాపరాయి మీదికి.

వాగు ఒక్కరోజులో బాగుపడలేదు. ఒక వానాకాలం పోయింది, ఇంకొకటి వచ్చింది. బుంగి పొట్ట మీద దద్దుర్లు మాని నూగు వచ్చింది. ఒక పొద్దున పాత గుంట దగ్గర సన్నగా చీమల బారు కనబడింది. మోరన్న పరుగున పోయి పొలుసమ్మను పిలుచుకొచ్చాడు. చీమలంటే ఆమెకి ప్రాణం. అయినా ఆ రోజు నాలుక చాచలేదు. వాటి దారిన వాటిని పోనిచ్చింది.

ఆ వారమే సుగంధి కొత్త బండి తెచ్చింది. ఎవరూ అడగకముందే ఏదుపంది కొలిమి వైపు వేలు చూపించింది.

నీతి: పొలుసమ్మ ఆనాడు అన్నదే. “కొత్తది తెచ్చే రోజే అడగాలి, పాతదయ్యాక ఎక్కడికి పోతుందని.”