ఓబన్న చేసిన ఈల

అనగనగా, పిట్టలు మాట్లాడితే మనుషులు ఆగి వినే రోజుల్లో, ఒక అడవి అంచున ఓబన్న అనే మేదరి ఉండేవాడు. "నా బుట్టలో నీళ్లు నిలవవు, నా బుర్రలో బుద్ధి నిలవదు" అని తనను తానే ఎగతాళి చేసుకునేవాడు.

అతనికి చుక్కి అనే పెంపుడు కౌజుపిట్ట ఉండేది. అది తన పిల్లల్ని పిలిచే పిలుపు విని విని, ఓబన్న వెదురుతో ఒక ఈల చేశాడు. ఊదితే అచ్చం చుక్కి గొంతే! పొదల్లోని కౌజులన్నీ పరుగెత్తుకొచ్చాయి.

వేటగాడు మల్లడు అది చూశాడు. "నీ చేతిలో బ్రహ్మ ఉన్నాడు మావా! నాకూ ఒకటి చేసిపెట్టు, సరదాకి."

మల్లడి చంకలో వల ఉంది. ఓబన్న వలను చూశాడు, పొగడ్తను విన్నాడు. పొగడ్తే గెలిచింది. మల్లడి వెనకే మిగతా వేటగాళ్లూ వచ్చారు. అందరికీ చేసిచ్చాడు.

కొన్నాళ్లకు ఒక మగకౌజు ఏడుస్తూ వచ్చింది. "ఓబన్నా, ఈల విని వెళ్లిన నా ఇల్లాలు తిరిగి రాలేదు."

"ఊదింది నేను కాదుగా!" అన్నాడు ఓబన్న. కానీ ఆ పూట వెదురు చీలుస్తుంటే కత్తికి వేలు తెగింది.

తరువాత రైతు గంగమ్మ వచ్చింది. "తమను తినే కౌజులు లేక చెదలు నా జొన్నచేను కొరికేస్తున్నాయి. ఈ పుణ్యం నీదేగా నాయనా?"

"వల వేసింది నేను కాదమ్మా!" అన్నాడు. అన్నాడే గానీ, ఆనాటి నుంచి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే చుక్కి ఉందో లేదో చూడాలనిపించేది.

మూడోసారి ఎవరూ రాలేదు. ఈల మోగింది.

"ఎవరో తల్లి పిలుస్తోంది!" అంటూ చుక్కి గడప దాటింది.

"ఆగవే చుక్కీ! అది తల్లి కాదు, నేను చేసిన ఈల!"

"నువ్వు చేసిందా? అయితే ఇంకా నమ్మొచ్చు!" అంటూ అది పరుగు తీసింది.

ఓబన్న దాని వెంటపడ్డాడు. ముళ్లూ రాళ్లూ చూడకుండా పరుగెత్తి, చుక్కి కంటే ముందే వలలో బొక్కబోర్లా పడ్డాడు.

"ఇంత పెద్ద కౌజా మావా!" అని మల్లడు పకపకా నవ్వాడు.

"పడాల్సిందే పడిందిరా" అన్నాడు ఓబన్న. "ఆ ఈల ఇటివ్వు."

ఈలకు ఒక బుట్ట చొప్పున ఇచ్చి, ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చాడు. దొరికినవన్నీ విరిచి పొయ్యిలో పెట్టాడు. కొందరు మాత్రం ఇవ్వలేదు. అందుకని రోజూ చుక్కిని భుజాన పెట్టుకుని పొదపొదకూ తిరిగాడు.

"వినండర్రా!" అని చుక్కి అరిచేది. "ఈల ఎన్నిసార్లయినా ఒక్కలాగే పిలుస్తుంది. కన్నతల్లి అయితే రెండోసారి కోపంగా పిలుస్తుంది!"

కౌజులు నేర్చుకున్నాయి. ఓబన్న తిరగడం మాత్రం మానలేదు.

చేసిన వస్తువు చెయ్యి దాటవచ్చు గానీ, చేసినవాడి బాధ్యత చెయ్యి దాటదు.