కొండెక్కిన వారికే పల్లకీ

విజయభూపతి మహారాజుకు ముచ్చట పుట్టిందంటే ఇక ఊరంతా పరుగులే. ఆ ఏడు విద్వత్సమితికి పెద్ద అయిన పేరిశాస్త్రికి గండపెండేరం తొడగాలనుకున్నాడు. అదీ సభలో కాదట, కొండమీది మండపంలోనట! కొండ కింద కాపురమున్న శాస్త్రిని పల్లకీలో పైకి చేర్చే పని ఆస్థానంలోని కొమ్మనకు అప్పగించాడు.

కొత్తగా పరిశోధనలోకి దిగిన పిల్లలకు చేయూతనివ్వడానికి రాజు పెట్టించిన సమితి అది. సొమ్ము ఖజానాది, దర్పం శాస్త్రిది. పోయినేడు ఆ సొమ్ము ఎవరికి దక్కిందో తెలుసా? మామగారి గ్రంథాన్ని పొగుడుతూ ఇంకో గ్రంథం రాసిన శాస్త్రి అల్లుడికి! సిగ్గన్నా ఉండాలి.

కొమ్మన వెళ్లేసరికి శాస్త్రి అరుగు ముందు మాచమ్మ నిలబడి ఉంది. రాతి గనుల్లో కూలీలు తేలు కాటుకు చచ్చిపోతుంటే, విరుగుడు కనిపెట్టాలని తంటాలు పడుతున్న పిల్ల. మూలికలు కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు.

"ముందు మందు కనిపెట్టి పట్రా. అది పనిచేస్తుందని రుజువైతే, అప్పుడు కనిపెట్టడానికి సాయం చేస్తాం," అన్నాడు శాస్త్రి ఉత్తరీయం సర్దుకుంటూ.

"కనిపెట్టేశాక సాయమెందుకండీ?"

"పెద్దలకే ఎదురు ప్రశ్నలా? సమితి నియమం అది. పో!"

మాచమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కొమ్మనకు ఒళ్లు మండిపోయింది. బోయీల చెవిలో ఏదో ఊది, మాచమ్మను కూడా వెంట రమ్మన్నాడు.

శాస్త్రి దర్జాగా పల్లకీ ఎక్కి కూర్చున్నాడు. పల్లకీ కదల్లేదు.

"ఏమిట్రా ఆలస్యం? అవతల ముహూర్తం మించిపోతోంది!"

కొమ్మన చేతులు కట్టుకున్నాడు.

"క్షమించాలి శాస్త్రిగారూ. తమరు కొండెక్కగలరని మాకు రుజువు కావాలి. ఒక్కసారి పైకి చేరి చూపించండి, వెంటనే మోసుకుపోతాం. పల్లకీల నియమం అది."

శాస్త్రి తిట్టాడు, శపిస్తానన్నాడు. బోయీలు ఆకాశం చూస్తూ నిలబడ్డారు. ఇంతలో పైన మంగళవాద్యాలు మొదలయ్యాయి. పెండేరం ఎక్కడ చేజారిపోతుందోనని ఆ మహానుభావుడు పల్లకీ దిగి, పంచె ఎగ్గట్టి కొండమెట్లు ఎక్కసాగాడు. వెనకాలే "ఓహోం ఓహోం" అంటూ ఖాళీ పల్లకీ.

మండపం చేరేసరికి తలపాగా ఊడి మెడలో పడింది. నిలువెల్లా చెమట. ఆ అవతారం చూసి రాజు నోరు తెరిచేలోపే, కొమ్మన పల్లకీ తెర తొలగించి వంగి దణ్ణం పెట్టాడు.

"రుజువైంది శాస్త్రిగారూ! ఎక్కండి, కొండమీదికి మోసుకుపోతాం."

"చేరాక పల్లకీ ఎందుకురా, మూర్ఖుడా!" అని అరిచాడు శాస్త్రి.

"పొద్దున ఈ మాచమ్మ తమర్ని అడిగిందీ అదే కదండీ!"

రాజు సంగతేమిటని అడిగాడు. మాచమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. సభంతా ఘొల్లుమంది. రాజైతే పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. మాచమ్మ మూలికలకు కావలసిన ధనం అక్కడికక్కడే ఇప్పించి, గండపెండేరం కొమ్మన కాలికి తొడిగాడు. పెద్దరికం ఊడిన శాస్త్రి కొండ దిగడం కూడా నడిచే దిగాడు.