కంపలదిన్నె కంపలమ్మ: దొర అడిగి అడుగుపెట్టిన చేను

ఈ కథను నేను మా అత్తగారి నోట విన్నాను. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఈ మధ్య నాకు తడబడుతోంది. వరుస ఎక్కడైనా తారుమారైతే భక్తులు మన్నించాలి. జరిగిన సంగతి మాత్రం ఇదే.

కంపలదిన్నె ఊరికి ఉత్తరాన, నల్లరేగడి చేల నడుమ కంపలమ్మ తల్లి గుడి ఉంది. దానికి గోపురం లేదు, రాతి ప్రహరీ లేదు. ఏటేటా కొత్తగా వేసే రేగుకంపే ప్రహరీ. తూర్పున ఒక మనిషి పట్టేంత వాకిలి, ఆ వాకిలికి అడ్డంగా ఒక కంప. లోపల నడుమెత్తు నల్లరాయి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆడమనిషిలా కనిపిస్తుంది. ఎడమ భుజం మీద బెత్తెడు లోతు చీలిక ఉంది. పూజారి ప్రతి ఆదివారం ఆ చీలికలో పసుపు నింపుతాడు. ఆ చీలిక ఎలా వచ్చిందో, అడగకుండా ఎవరూ ఈ వాకిలి ఎందుకు దాటరాదో భక్తులకు తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు అచ్చయిన పుస్తకంలో ఈ గుడి నాయనివారి దయ వల్ల వెలసిందని ఉంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అది దయో మరొకటో భక్తులే చదివి తేల్చుకోవాలి.

పూర్వం ఇక్కడ ఈ దిన్నె చుట్టుపక్కల చేలన్నీ వీరప నాయనివారివి. ఆయన ఉత్తరపు చేనును మద్దిలేటి అనే సేద్యగానికి కౌలుకు ఇచ్చాడు. ఆ కాలంలో కౌలుకు కాగితం రాసే వాడుక లేదు. దొర స్వయంగా వచ్చి చేని వాకిలికి రేగుకంప అడ్డం వేసి, దాని మొదలును కౌలుదారు చేతిలో పెట్టేవాడు. ఆ పొద్దు నుంచి కోత అయ్యేదాకా ఆ కంప తీసే చెయ్యి కౌలుదారుదే. దొర వచ్చినా బయట నిలబడి పిలవవలసిందే. వీరప నాయనివారు బతికున్నన్నాళ్ళూ అలాగే పిలిచేవాడట.

ఆయన పోయాక చేలూ, గుర్రాలూ, వెండికట్ల బల్లెమూ కొడుకు తిమ్మప నాయనివారికి వచ్చాయి. ఊళ్ళో అందరూ చిన్నదొర అనేవారు. దొర మారితే కౌలు కంప మళ్ళీ వేయాలి. చిన్నదొర చేని దగ్గరికి వచ్చేసరికి మద్దిలేటి మంచంలో ఉన్నాడు. కావలి కాస్తుండగా అడవిపంది ఆయన తొడ చీల్చింది. అందుకని భార్య ఓబులమ్మ చెయ్యి చాచింది. చిన్నదొర నవ్వుతూ కంప అడ్డం వేసి, మొదలు ఆమె అరచేతిలో పెట్టాడు. ముల్లు గుచ్చుకుని నెత్తురు వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ ఏడు ఓబులమ్మ ఒంటి చేత్తో జొన్న వేసింది. మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టలను తోలింది. చీకటి పడితే పందులు రాకుండా డప్పు కొట్టింది. మంచం పట్టిన మొగుడికీ, తనకూ, రెండు ఎద్దులకూ ఏడాదంతా కూడైనా మేతైనా ఆ చేనే. అది పోతే మళ్ళీ వానకారు దాకా పొయ్యి వెలగదు.

మార్గశిరంలో, జొన్న నడుమెత్తు లేచినప్పుడు, ఒక ఉదయం చిన్నదొర ఎనిమిది గుర్రాలతో, ఇరవై వేటకుక్కలతో పందిని తరుముకుంటూ వచ్చాడు. వాకిలి దాకా కూడా రాలేదు. ఉత్తరం వైపు కంచె నరికించి నేరుగా చేలో పడ్డాడు. ఓబులమ్మ మంచె మీది నుంచి కేకలు వేస్తూనే ఉంది. వాళ్ళు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నాలుగుసార్లు తిరిగారు. పంది తప్పించుకుంది. చేను సగం పడిపోయింది. పోతూ పోతూ చిన్నదొర గుర్రం మీది నుంచే అన్నాడు:

"కౌలుకిచ్చింది పంటను. వేటను కాదు. మా తాతల నాటి పొలంలో తిరిగే పంది మాదే."

ఓబులమ్మ విరిగిన జొన్న కర్రలు ఒక కట్ట కట్టి నెత్తిన పెట్టుకుని రచ్చకట్ట దగ్గరికి పోయింది. అక్కడ ఊరిపెద్ద నరసప్ప కూర్చుని ఉన్నాడు, చిన్నదొర కూడా ఉన్నాడు. ఆమె కట్టను ఇద్దరి నడుమ పడేసింది. నరసప్ప కట్ట వైపు చూడలేదు. దొర ముఖం చూసి తీర్పు చెప్పాడు.

"చూడమ్మే ఓబులమ్మా. భూమి దొరది. దున్నుకునేది నువ్వు. అడవి జీవం మళ్ళా దొరది. ఎవరిది వాళ్ళకుంది. ఇంక రచ్చ ఎందుకు?"

"పంది దొరదేనా మామా?"

"దొరదే."

"నా మొగుని తొడ చీల్చిన పందీ?"

నరసప్ప భుజం మీది తుండుగుడ్డ సర్దుకున్నాడు.

"అదీ దొరదే అయితే నా మొగుని మంచం తెచ్చి వాళ్ళ ఇంటి ముందు వేస్తా. వాళ్ళ పంది చేసిన గాయానికి వాళ్ళే కట్టు కట్టాల. ఇన్నాళ్ళూ నా జొన్న మేసినప్పుడు ఆ పందికి దొర లేడు మామా. అది మేసి కొవ్వు పట్టినాక వచ్చినాడా దొర?"

కూర్చున్నవాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. చిన్నదొర ముఖం ఎర్రబడింది.

"నోరు బాగానే ఉంది. నీ చేనికి కుక్కలు అక్కర్లేదు," అన్నాడు.

"ఎక్కడ మిగిలినాయి దొరా, ఉన్నవన్నీ మీ ఎంబడే వచ్చినాయి కదా," అంది ఓబులమ్మ.

తీర్పు మారలేదు. నరసప్ప లేచి తుండుగుడ్డ దులుపుకుని ఇంటికి పోయాడు. చేను తొక్కినవాడిని ఒక్క మాట అనలేదు. తొక్కించుకున్నదానికి మాత్రం ఓపిక పట్టమని చెప్పి పోయాడు. ఇది విన్నప్పుడు మా అత్తగారి కాలంలోనూ కోపం వచ్చేదట, ఇప్పుడు నాకూ వస్తోంది.

ఎనిమిదో నాడు చిన్నదొర మళ్ళీ వచ్చాడు. ఈసారి ఊరంతా చూడాలని వాకిలి వైపే వచ్చాడు. ఓబులమ్మ కంప మొదలు పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"తప్పుకో."

"ఈ కంప ఎవరు వేసినారు దొరా?"

"నేనే వేసినా."

"ఎవరి చేతికిచ్చినారు?"

ఆయన పక్కనున్న వేటగాళ్ళు నేల చూపులు చూశారు. చిన్నదొర గొంతు తగ్గించి అన్నాడు: "దున్నుకోమని ఇచ్చినా."

"కంపకు నాగలి వేరు, వేట వేరు అని తెలీదు దొరా. మూసింది మూసిందే. తీసేటప్పుడు నేనే తీస్తా."

సరిగ్గా అప్పుడు, కుక్కలు తరిమిన పంది ఒకటి పక్క చేలోంచి దూసుకువచ్చి, వాకిలి పక్కన, లోపలివైపు తరతరాలుగా పోగుపడిన కంపల కుప్పలో దూరింది. ఏటేటా పాత కంప మీదనే కొత్త కంప వేసేవారు కనుక దాని అడుగున ఏముందో ఎవరూ ఎరగరు. చిన్నదొర గుర్రాన్ని అదిలించి, ఓబులమ్మ తల మీదుగా వెండికట్ల బల్లెం విసిరాడు. అది కుప్పలో దిగి ఠంగున మోగింది. పంది రెండో పక్క నుంచి తాపీగా బయటికి వచ్చి వాగు వైపు పోయింది. ఇరవై కుక్కల్లో ఒక్కటీ దాని వెంటపడలేదు. అన్నీ కంప ముందు పడుకుని, మూతులు కాళ్ళ మీద పెట్టుకున్నాయి.

వేటగాళ్ళు వాకిలి దాటకుండా బయటి నుంచే కొడవళ్ళతో కుప్ప తొలగించారు. అడుగున నల్లరాయి, కాళ్ళు ముడుచుకుని కూర్చున్న తల్లిలా ఉంది. బల్లెం ఆమె ఎడమ భుజంలో దిగి ఉంది. నలుగురు పట్టి లాగినా కదల్లేదు. ఊళ్ళోంచి ఎద్దులను తెచ్చి కట్టి లాగబోతే అవి మోకాళ్ళ మీద కూలబడ్డాయి.

ఆ మధ్యాహ్నం చిన్నదొరకు కునుకులో ఒక ఆడమనిషి కనిపించింది. కోక నిండా ముళ్ళు, భుజం మీద గాయం. "నా వాకిట్లో బల్లెం వేశావు. దాన్ని నన్ను అడగవద్దు. కంప పట్టిన చేతిని అడుగు," అని చెప్పి మాయమైంది.

చిన్నదొర సాయంత్రానికి కాలినడకన వచ్చి, కంప బయట నిలబడి, "ఓబులమ్మా, బల్లెం తీసుకోవచ్చా?" అని అడిగాడు. ఆమె జవాబివ్వక కలుపు తీసుకుంటూ పోయింది.

పుష్యమాసంలో పారువేట వచ్చింది. అది ఆ సీమలో దేవుణ్ణి పల్లకిలో ఊరేగిస్తూ జరిపే వేట ఉత్సవం. తండ్రి బల్లెం పట్టి ముందు నడిచినవాడినే ఊరు దొరగా ఒప్పుకుంటుంది. ముందురోజు చిన్నదొర రెండోసారి అడగడానికి వచ్చాడు. ఈసారి వెంట నరసప్ప కూడా ఉన్నాడు.

"తీసుకోనియ్యమ్మా. పరువు పోతుంది," అన్నాడు నరసప్ప.

"ఎవరిది వాళ్ళకుందని నువ్వే చెప్తివి కదా మామా. బల్లెం దొరది. కంప నాది. జొన్న పాలు పోసుకుంటాంది, ఇప్పుడు తీయను," అంది ఓబులమ్మ.

ఆ ఏడు పారువేటలో చిన్నదొర వట్టి చేతులతో నడిచాడు.

తొక్కిన జొన్న అమ్మవారి మహిమతో మళ్ళీ లేచి నిలబడిందని పాత పుస్తకంలో రాశారు. లేవలేదు. పడిన పంట పడినట్టే పోయింది. అలా రాస్తే దొర చేసిన నష్టం తుడిచిపెట్టుకుపోతుందని కాబోలు రాసినవారి ఆలోచన. మిగిలిన సగాన్నే మాఘమాసంలో ఓబులమ్మ కోసింది. మద్దిలేటి కర్ర ఊతంతో వచ్చి గట్టు మీద కూర్చుని చూశాడు. ఆఖరి పన కట్టి కుప్ప వేసిన నాడు చిన్నదొర మూడోసారి అడగడానికి వచ్చాడు. చెప్పులు గట్టు కింద విడిచాడు.

"రావచ్చా అమ్మా?"

ఓబులమ్మ అప్పటికి ఎంత కోపంతో ఉందో చెప్పలేం. ఆఖరి పన వైపు ఒకసారి చూసి చెయ్యి కంప మీద పెట్టిందట. చివరికి, "కోతయింది. రా," అని కంప పక్కకు లాగింది. చిన్నదొర లోపలికి పోయి రెండు వేళ్ళతో పట్టగానే బల్లెం ఊడి వచ్చింది. ఆ చీలిక అలాగే నిలిచిపోయింది. ఆయన అక్కడికక్కడే ఆ చేనునంతా తల్లి పేర వదిలి, కౌలు చేలో వేటకు అడుగుపెట్టనని ప్రమాణం చేశాడు. ఆ పుస్తకం దయ అన్నది దీన్నే. అడగకుండా తొక్కినవాడు మూడుసార్లు అడిగి లోపలికి పోవడాన్ని దయ అంటారా?

ఇప్పటికీ మాఘమాసం మొదటి ఆదివారం నాయనివారి వంశస్థులు చెప్పులు విడిచి కంప బయట నిలబడతారు. ఓబులమ్మ వంశపు ఆడపడుచు లోపల ఉంటుంది. మొదటిసారి అడిగితే పలకదు. రెండోసారి పలకదు. మూడోసారి, "కోతయింది, రండి," అని కంప తీస్తుంది. ఆ తరువాతే భక్తులకు దర్శనం. కొత్త జొన్న సంగటి నైవేద్యం. కౌలు మాట్లాడుకునే వారు ఇరువైపులవారూ ఇక్కడికి వచ్చి, రేగుకొమ్మకు పసుపుదారం కట్టి మాట ఇచ్చిపుచ్చుకుంటారు. అలా ఇచ్చిన మాట తప్పినవారు లేరని ఈ సీమలో నమ్మకం. చేలను పందుల బెడద నుంచీ, అంతకంటే పెద్దవారి బెడద నుంచీ తల్లి కాపాడుతుంది.

కిందటేడు ఎవరో పొలం తమదేనని, కౌలుకిచ్చిన కందిచేలోకి జీపులో తుపాకులతో వచ్చి కుందేళ్ళను కొట్టుకుపోయారు. అడిగిన కౌలుదారును నవ్వి పంపారు. అటువంటివారు ఈ గుడికి వస్తే ముందు వాకిలి దగ్గర మూడుసార్లు అడగడం నేర్చుకుని పోవాలని నా విన్నపం.

సుగుణా, మా చెల్లెలి మనవరాలివి, ఈ రాతను నీకే అప్పగిస్తున్నాను. అచ్చుకు ఇచ్చే ముందు పేర్లన్నీ ఒకసారి సరిచూడు. నాయనివార్ల పేర్లలో తండ్రినీ కొడుకునూ మార్చి రాశానేమో, రాసి ఉంటే దిద్దు, లేకపోయినా పెద్ద నష్టం లేదు. ఆమె పేరు మాత్రం వాళ్ళ వంశం వాళ్ళ ఇంటికి పోయి అడిగి రా. నేను ఓబులమ్మ అని రాశాను. నిన్న సాయంత్రం ఒక గడియసేపు ఆ పేరు నాకు గుర్తుకు రాలేదు. పాత పుస్తకంలో అది ఒక్కచోట కూడా లేదు.