రాజుగారి లైవ్ ప్రసంగం

ఆ రాజ్యంలో రాజుగారి ప్రసంగాన్ని లైవ్‌లో చివరిదాకా చూడని ఊరికి బియ్యం ఆపేసేవారు. మంత్రి ఎంచిన వీడియో సాఫ్ట్‌వేర్ కోటలో బాగానే నడిచేది. కొండమీది కొర్లపాడులో మాత్రం మొదటి మాటకే ఆగిపోయేది. మూడు నెలలుగా ఆ ఊరికి గింజ లేదు.

ఆ ఊళ్లో గంపలల్లే నూకాలు కోటకొచ్చి మొరపెట్టుకుంది.

"సాఫ్ట్‌వేర్ బంగారం. మీకే భక్తి లేదు," అన్నాడు మంత్రి.

"అయితే దొరా, ఈసారి మా ఊరొచ్చి మాట్లాడండి. భక్తి నేర్చుకుంటాం," అంది నూకాలు రాజుతో.

రాజు మురిసిపోయి వెళ్లి, కొర్లపాడు నుంచే మాట్లాడాడు. ఈసారి కోటలో తెరలన్నీ మొదటి మాటకే ఆగిపోయాయి. చట్టప్రకారం మంత్రితో సహా కోటంతటికీ బియ్యం ఆగింది.

సాయంత్రానికే వేరే సాఫ్ట్‌వేర్ వచ్చింది.

"చూశావా, ఎంత త్వరగా మార్పించానో!" అన్నాడు రాజు.

"చూశాను దొరా. మా ఆకలికి మూడు నెలలైనా మారలేదు. మీవాళ్ల ఆకలికి ఒక్క పూటలో మారింది."