బండన్న అడిగిన నీళ్ళు

అనగనగా ఒక అడవి. మామూలు అడవి కాదర్రా పిల్లలూ! అక్కడి మబ్బులకి ఆకాశంలో ఉండబుద్ధయ్యేది కాదు. తెల్లారేసరికి కిందికి దిగొచ్చి గడ్డి మీద, పొదల మీద, పడుకున్న లేళ్ళ వీపుల మీద పడి నిద్రపోయేవి. ఆ మంచులో ఎదురుగా ఎవరొస్తున్నా ముందు మాట వినిపించేది. ఆ తర్వాతే ముఖం కనిపించేది.

ఆ అడవి నడుమ ఒక గుట్ట ఉంది. దాని పేరు కావలిగుట్ట. గుట్ట కింద పాలవాగు గలగలమంటూ పారుతూ ఉంటుంది.

ఆ వాగు పక్కనే ఇప్పి అనే ఎలుగుబంటి ఉండేది. ఇప్పచెట్టు కింద పుట్టిందని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. తేనె తియ్యడంలో ఇప్పిని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. దానికి ఒక అన్న ఉండేవాడు. బండన్న. ఉండేవాడు అన్నాను, విన్నారా? ఇప్పుడు లేడు.

ఎలా పోయాడో చెప్తాను. ఒక ఎండాకాలం రేచుకుక్కలు అడవి మీద పడ్డాయి. అవి ఎర్రటి అడవికుక్కలు. మందలు మందలుగా వస్తాయి, దొరికినవాళ్ళని దొరికినట్టు చీల్చేస్తాయి. పిల్లలూ ముసలివాళ్ళూ వాగు దాటేదాకా ఎవరో ఒకరు వాటిని గుట్ట మీద ఆపాలి.

"మీరు పొండి, మేమున్నాం" అన్నారు కొందరు. అడవిదున్నలు, దుప్పి పెద్దాయన, వాళ్ళతో మన బండన్న. పొద్దున నిలబడ్డవాళ్ళు పొద్దు వాలేదాకా నిలబడే ఉన్నారు. అందరూ వాగు దాటారు. రేచుకుక్కలు తోక ముడిచి పారిపోయాయి. కానీ గుట్ట మీద నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ కిందికి దిగిరాలేదు.

అప్పటికి ఇప్పి చిన్నపిల్ల. రేచుకుక్కలు పోగానే అమ్మ కళ్ళుగప్పి గుట్టెక్కింది. బండన్న ఒక రాతికి చేరగిలబడి ఉన్నాడు.

"చెల్లీ, కాసిని నీళ్ళు తెచ్చిపెడతావా?" అన్నాడు.

"ఇప్పుడే తెస్తానన్నా!" అని ఇప్పి పరుగున దిగింది. నీళ్ళు పట్టడానికి ఏముంది దాని దగ్గర? నోటినిండా పట్టుకుంది. దానికీ దాహంగానే ఉంది, గొంతు పిడచకట్టుకుపోతోంది. అయినా గుక్క కూడా మింగలేదు. అలాగే గుట్టెక్కింది.

పైకి చేరేసరికి బండన్న కళ్ళు మూతపడిపోయాయి. ఏం చెయ్యాలో ఆ పిచ్చితల్లికి తెలియలేదు. అన్న ముఖం పక్కన మట్టిలో ఆ నీళ్ళు పోసేసింది.

మరుసటి ఏడు అదే రోజున అడవంతా అలాగే చేసింది. చిన్నా పెద్దా అందరూ పాలవాగులో నోటినిండా నీళ్ళు పట్టుకుని, గుట్టెక్కి, ఆ మట్టి మీద పోశారు. అది ఆనవాయితీ అయిపోయింది. దాన్ని నీళ్ళరోజు అనేవారు. ఆ రోజు ఎవరూ మాట్లాడేవారు కాదు. నోరు తెరిస్తే నీళ్ళు పోతాయి కదా! పులీ జింకా ఒకే దారిన, ఒకే మౌనంతో నడిచేవి.

ఇప్పికి మాత్రం ఇంకో రహస్యం ఉంది. ఎండకి కాలిన మట్టి మీద నీళ్ళు పడగానే కమ్మటి వాసన లేచేది. ఆ వాసనకి మంచు కదిలి దగ్గరికొచ్చేది. ఆ మంచులో నల్లగా ఒక ఆకారం వచ్చి, తల వంచి, తనివితీరా తాగేది. తాగి కాసేపు ఇప్పి పక్కన కూర్చునేది. మాటా లేదు, పలుకూ లేదు. ఆ కాసేపు చాలు, ఏడాదంతా ఇప్పి గుండెకి ధైర్యంగా ఉండేది.

ఏళ్ళు గడిచాయి. కొత్తగా పుట్టినవాళ్ళకి రేచుకుక్కలంటే ఏమిటో తెలియదు. "అబ్బా, ఆ గుట్ట ఎవడెక్కుతాడు?" అని వాగు దగ్గరే ఆగిపోసాగారు. ఒక నీళ్ళరోజున ఇప్పీ, ఆ గుట్ట మీదే భర్తని పోగొట్టుకున్న ముసలి దుప్పి పెద్దమ్మా, ఇంకో నలుగురూ తప్ప ఎవరూ రాలేదు. ఇప్పికి ఏడుపొచ్చింది.

అది చూసి బుగ్గల మామ అనే కోతి చెట్టు దిగాడు. ఆయన బుగ్గలు సంచుల్లా ఉంటాయి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు.

"ఎందుకే పిచ్చిదానా ఏడుస్తావు?" అన్నాడు.

"మా అన్నని అందరూ మరిచిపోతున్నారు మామా."

"ఓస్, ఇంతేనా! సగం దారిలో కాస్త తేనె పెట్టు. రాకుండా ఎక్కడికి పోతారో చూద్దాం."

ఇప్పికి ఆ మాట నచ్చింది. అన్న కోసమేగా అనుకుంది.

మరుసటి ఏడు నీళ్ళరోజున సగం దారిలో ఒక చదును బండ మీద తేనె పెట్టింది. ఎంతమంది వచ్చారనుకున్నారు! నక్కలొచ్చాయి, కుందేళ్ళొచ్చాయి, ఎన్నడూ గడప దాటని ముళ్ళపంది కూడా వచ్చింది. తేనె చూడగానే గుటుక్కున నీళ్ళు మింగేసి నాకడం మొదలుపెట్టాయి. నాకి, మూతి తుడుచుకుని, ఉత్త నోటితో పైకెక్కాయి.

"పోన్లే, వచ్చారు కదా" అనుకుంది ఇప్పి.

పైన మట్టి సగమే తడిసింది. మంచులో బండన్న వచ్చాడు. నాలుగు గుక్కలు తాగి, ఇంకా ఉన్నాయేమో అన్నట్టు చూసి, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.

దిగేటప్పుడు దుప్పి పెద్దమ్మ అడిగింది. "ఇప్పీ, వాళ్ళు దారిలో మింగింది ఎవరి నీళ్ళే?"

"అలిసిపోయినవాళ్ళకి తేనె పెట్టాను పెద్దమ్మా. తప్పా?"

"పెట్టడం తప్పు కాదు తల్లీ. మన ఇంటి దగ్గర ఏ రోజు పెట్టినా నేనూ వచ్చి తింటాను" అని ముసలిది కర్ర లాంటి కాళ్ళతో మెల్లగా దిగిపోయింది.

రెండో ఏడు బుగ్గల మామ ఊరుకోలేదు. "తేనె ఊరికే ఎందుకివ్వాలి? తునికిపళ్ళు తెమ్మను, తేనె ఇద్దాం. దానికో మంచి పేరు కూడా పెడదాం" అన్నాడు. దారి పొడుగునా ఆకుల పందిళ్ళు వేయించాడు. చెట్టు బెరడుతో దున్నకొమ్ములు చేసి పిల్లలకి అమ్మించాడు. పందిరెక్కి గొంతు చించుకున్నాడు.

"రండి బాబూ రండి! బండన్న తేనె! వీరుడి తేనె! నీళ్ళరోజు ప్రత్యేకం! ఒక పట్టు తీసుకుంటే ఇంకో పట్టు ఉచితం!"

బెరడు కొమ్ములు తగిలించుకుని కుందేటి పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. "నేను చచ్చిపోయానోచ్!" అని గడ్డిలో పడి ఒకటే నవ్వు. ఇప్పి గుండె కలుక్కుమంది. కానీ అంతలోనే ఎవరో "బండన్న తేనె భలే ఉందే!" అన్నారు. ఇన్నాళ్ళకి అన్న పేరు అందరి నోటా వినబడుతోంది కదా అని మురిసిపోయింది.

ఆ సాయంత్రం గుట్ట మీద మట్టి ఏదో తడిసీ తడవనట్టు తడిసింది. మంచులో అడుగుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఇప్పి చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయింది. ఆకారం మాత్రం కనబడలేదు. ఇప్పి చాలాసేపు కూర్చుని దిగొచ్చింది.

"నా కళ్ళే సరిగా లేవేమో" అని సర్దిచెప్పుకుంది.

మూడో ఏడు సంత వాగు ఒడ్డుకే వచ్చేసింది. బుగ్గల మామ ఒడ్డున ఒక రాయి పాతించి, దానికి ఎర్రమట్టి పూయించాడు.

"గుట్టెక్కే పని లేదు! నీళ్ళు ఇక్కడే పోసెయ్యండి. గుట్ట మీదున్నదీ రాయే, ఇదీ రాయే! ఆ తర్వాత హాయిగా తినండి, తాగండి, ఆడుకోండి!"

వాగులోంచి తీసిన నీళ్ళు వాగు పక్కనే పోసేస్తున్నారు. ఎంత తెలివో చూశారా!

ఇప్పి అలవాటు కొద్దీ పొద్దున్నే నోటినిండా నీళ్ళు పట్టుకుంది. తేనెపట్ల పక్కన నిలబడింది. బేరాలు మొదలయ్యాయి. ఒక ఉడత వచ్చి, "ఇప్పక్కా, ఇది నిఖార్సైన బండన్న తేనేనా? ఆయన సొంత చెల్లెలివి నువ్వేనా?" అంది.

ఇప్పి తలూపింది.

"నోరు తెరిచి చెప్పవే!" అని బుగ్గల మామ విసుక్కున్నాడు. "నువ్వు పిలిస్తే వచ్చినంత మంది నేను పిలిస్తే వస్తారా? చెల్లెలివి కదా!"

ఇప్పి గుట్ట వైపు చూసింది. మంచు గుట్ట మీద ముసుగు కప్పినట్టుంది. ఇటు చూసింది. తేనెపట్లు, జనం, పళ్ళ గుట్టలు. సాయంత్రం మళ్ళీ పట్టుకెళ్తాలే అనుకుంది.

గుటుక్కున మింగేసింది.

"బండన్న తేనె! మా అన్న తేనె! రండి, రండి!" అని పిలిచింది. ఇక సాయంత్రం దాకా ఆ పిలుపు ఆగలేదు.

సంత సద్దుమణిగాక అన్న గుర్తొచ్చాడు. అన్నిట్లోకి మంచి తేనెపట్టు ఒకటి అన్న కోసమని తీసిపెట్టింది. అది పట్టుకుని హడావిడిగా గుట్టెక్కింది. ఆ హడావిడిలో నీళ్ళ సంగతే మరిచిపోయింది. చూశారా పిల్లలూ, ఏళ్ళ తరబడి మరవనిది ఆ ఒక్కరోజు మరిచింది.

పైన మట్టి నెర్రెలిచ్చి ఉంది. ఆ రోజు ఒక్క దుప్పి పెద్దమ్మ పోసినట్టుంది, అరచేతంత చెమ్మ కనిపిస్తోంది. ఇప్పి కూర్చుంది. మంచు మెల్లగా వచ్చింది. అడుగుల చప్పుడు లేదు, వాసన లేదు. ఎక్కడో చాలా దూరం నుంచి, బొంగురుపోయిన గొంతు ఒకటి వినిపించింది.

"చెల్లీ, కాసిని నీళ్ళు తెచ్చిపెడతావా?"

అదే మాట. ఆ రోజు అడిగిన మాటే.

"అన్నా, తేనె తెచ్చానన్నా! నీ పేరు పెట్టాను దీనికి. అడవంతా నీ పేరే చెప్పుకుంటోంది."



"తేనె తింటే దాహం ఇంకా పెరుగుతుంది కదమ్మా" అంది ఆ గొంతు. అందులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

ఇప్పి నాలుక తడుముకుంది. నోరంతా తేనె జిగురు. మంచు విడిపోయింది. గుట్ట మీద తానూ, తన తేనెపట్టూ మిగిలాయి. ఇప్పి మట్టిలో ముఖం పెట్టి, "అన్నా, నీ నీళ్ళు నేనే తాగేశానన్నా!" అని వెక్కివెక్కి ఏడ్చింది.

మళ్ళీ నీళ్ళరోజు వచ్చింది. సంత ఎప్పటికంటే పెద్దది. ఇప్పి వాగులోకి దిగింది. నోటినిండా నీళ్ళు పట్టుకుంది. పందిళ్ళ మధ్య నుంచి గుట్ట వైపు నడక మొదలుపెట్టింది.

"ఇప్పీ! ఎక్కడికే? బేరాల వేళ!" అని అరిచాడు బుగ్గల మామ.

ఇప్పి మాట్లాడలేదు.

"ఇప్పక్కా, తేనె ఏదీ?" అని అడిగింది ఉడత.

ఇప్పి మాట్లాడలేదు. బుగ్గలు ఉబ్బి, కళ్ళు చెమర్చి, నడుస్తూనే ఉంది.

"ఏమైంది దీనికి?" అని ఒక కుందేటి పిల్ల వాళ్ళమ్మని అడిగింది. వాళ్ళమ్మ చెప్పబోయి ఆగింది. ఆ తల్లి వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు, రేచుకుక్కలు పడ్డ ఆ రోజే వాగు దాటింది. దాటబట్టే ఈ తల్లి ఉంది, ఈ పిల్ల ఉంది. ఆ తల్లి పిల్ల తలమీది బెరడు కొమ్ములు తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ వంగి నోటినిండా నీళ్ళు పట్టుకున్నారు.

దుప్పి పెద్దమ్మ అప్పటికే దారిలో ఉంది. ఆమె వెనక కుందేళ్ళు, కుందేళ్ళ వెనక ముళ్ళపంది, దాని వెనక ఉడత. ఒక్కొక్క పందిరిలో మాట ఆగిపోతూ వచ్చింది. చివరికి బుగ్గల మామ కేక ఒక్కటే మిగిలింది. "ఒకటి తీసుకుంటే ఒకటి... ఒకటి తీసుకుంటే..." ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే ఎబ్బెట్టుగా వినిపించి ఆయనా నోరు మూసుకున్నాడు.

గుట్ట మీద ఒకరి తర్వాత ఒకరు నీళ్ళు పోశారు. అందరికంటే ఆఖర్న బుగ్గల మామ వచ్చాడు. సంచుల్లాంటి ఆ రెండు బుగ్గల నిండా నీళ్ళే. మిగతావాళ్ళందరి కంటే ఎక్కువ తెచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా పోసేసి, పక్కకి వెళ్ళి కూర్చున్నాడు.

మట్టి నెర్రెలన్నీ తాగి తాగి నల్లబడ్డాయి. కమ్మటి వాసన లేచింది. మంచు అన్ని వైపుల నుంచీ కదిలొచ్చింది. దుప్పి పెద్దమ్మ ఒకచోట చూస్తూ నిలబడిపోయింది. ఆమెకి ఎవరు కనిపించారో ఆమెకే తెలుసు.

ఇప్పి ముందు నల్లటి ఆకారం తల వంచి తాగింది. తాగి తాగి తలెత్తింది. పక్కన కూర్చుంది.

"చాలు చెల్లీ" అన్నాడు బండన్న. "కడుపు నిండింది. ఆ రోజు నీకూ దాహమేసింది కదూ? అయినా మింగకుండా తెచ్చావు. నేను చూశానులే. ఇక వెళ్ళి నువ్వు తాగు."

ఇప్పి గుట్ట దిగి, పాలవాగులో మూతి పెట్టి, కడుపారా తాగింది.

మర్నాడు ఇంటి ముందు తేనె పెట్టి అందరినీ పిలిచింది. దుప్పి పెద్దమ్మ తానన్న మాట ప్రకారం వచ్చి తిన్నది. "ఈ తేనె పేరేమిటి ఇప్పక్కా?" అని ఉడత అడిగితే, "తేనే" అంది ఇప్పి.

నీతి: మన కోసం ప్రాణమిచ్చినవాళ్ళని తలుచుకునే రోజు వాళ్ళది. దాన్ని సంత చేసుకుంటే, వాళ్ళకని పట్టుకెళ్ళిన నీళ్ళు దారిలో మనమే తాగేసినట్టు.