పరదేశి స్వామి ఉతికిన గుడ్డలు

కాషాయం ఎప్పుడిస్తారని జోగినాయుడు గురువుగారిని అడగని వారం లేదు.

నాగావళి ఒడ్డున ఒక గుట్ట మీద ఉండేది పరదేశి స్వామి మఠం. మఠమంటే పెద్ద కట్టడమేమీ కాదు. రెండు పూరిపాకలు, ఒక వంటపాక, నలుగురైదుగురు శిష్యులు. వాళ్లందరిలోకీ చదువుకున్నవాడు జోగినాయుడు. ఎక్కడో పల్లెలో బడిపంతులుగా ఉండి, ఆ పని వదిలేసి, ఒక ఎండాకాలం పొద్దున చేతిసంచితో గుట్టెక్కి వచ్చాడు.

"వెనక ఎవరున్నారు నాయనా?" అని అడిగారు స్వామి.

"ఎవరూ లేరు స్వామీ."

స్వామి ఇంకేమీ అడగలేదు. ఉండమన్నారు.

స్వామికి ఉన్నవి రెండు జతల కాషాయ వస్త్రాలు. వాటిని ఉతికే పని జోగినాయుడు తనంతట తానే మీదేసుకున్నాడు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కుంకుడు రసంలో నానబెట్టి, బండకేసి బాదకుండా చేత్తోనే పిసికి, నీడపట్టున ఆరేసేవాడు. మడత పెట్టాక కళ్లకద్దుకునేవాడు. అలాంటిది ఒకటి తన భుజం మీదకు ఎప్పుడొస్తుందా అని అతని ధ్యాసంతా.

"ఇంకొంచెం ఆగు," అనేవారు స్వామి.

"నాలో ఇంకా ఏం మిగిలింది స్వామీ? ఇష్టం లేదు, అసహ్యం లేదు. నాది అన్న మాటే లేదు."

స్వామి నవ్వి ఊరుకునేవారు.

వానలు పట్టాయి. ఒక ఏకాదశినాడు ఊరూరా తిరిగి గాజులమ్ముకునే గున్నమ్మ మఠానికి వచ్చింది. గంప దించి, స్వామికి దండం పెట్టి, లేస్తూ లేస్తూ జోగినాయుణ్ణి చూసి ఆగిపోయింది.

"సినవలస పంతులివి గాదేటి నువ్వు?"

జోగినాయుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వే! గెడ్డం పెంచినంత మాత్రాన పోల్చుకోలేనా? నీకు ఆడపిల్ల పుట్టిందయ్యా. నీ పెళ్లాం తవిటమ్మకి పురిటి జ్వరం. మంచం దిగలేకపోతంది. తల్లి లేదు, అత్త లేదు. ఇరుగు పొరుగోళ్లు ఇంత గంజి పోసి పోతన్నారు గానీ, ఆ మైల గుడ్డలు ముట్టుకున్నోళ్లు లేరు. పసిగుడ్డు తడిలోనే నానతంది."

శిష్యులందరూ జోగినాయుడి వైపు చూస్తున్నారు.

అతని ముఖంలో ఒక్క గీత కదలలేదు. "నువ్వు చెప్పే పంతులు చచ్చిపోయాడమ్మా. అతని ఇంటి సంగతులు నాకు చెప్పకు," అన్నాడు చల్లగా. అని, గురువుగారి వైపు చూశాడు. మెచ్చుకుంటారనుకున్నాడు.

స్వామి అటుకులు తింటున్నారు. నోటి దాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎవరూ లేరన్నావు," అన్నారు.

"లేరనుకునే వచ్చాను స్వామీ. మనసులో తెంచేసుకున్నాక లేనట్టే కదా! అందులో అబద్ధం ఏముంది?"

స్వామి అటుకుల ఆకు పక్కన పెట్టి లేచారు. గున్నమ్మ గంప తనే ఆమె తలకెత్తి, మాట్లాడుకుంటూ గుట్ట దిగువ దాకా సాగనంపారు.

తెల్లారి చూస్తే స్వామి లేరు.

తీర్థానికి వెళ్లారన్నారు కొందరు. ఏదో గుహలో కూర్చుని ఉంటారన్నారు ఇంకొందరు. తనను పరీక్షించడానికే గురువుగారు దూరమయ్యారని జోగినాయుడు నమ్మాడు. చదువూ జపమూ పెంచాడు. రోజులు గడిచాయి. వాన కురుస్తూనే ఉంది. స్వామి రాలేదు.

చివరికి ఉండబట్టలేక వెతకడానికి బయల్దేరాడు. గుట్ట వెనక గుహలు చూశాడు. రేవు దగ్గరికి వచ్చి పడవవాణ్ణి అడిగాడు.

"స్వామా? ఎప్పుడో దాటించినాను బాబూ. సినవలస దారి అడిగినారు."

జోగినాయుడు ఒక్క క్షణం బిత్తరపోయాడు. వెంటనే విషయం అర్థమైనట్టు అనిపించింది. సన్యాసం పుచ్చుకోవాలంటే భార్య ఒప్పుకోవాలి. ఆ ఒప్పుదల అడగడానికే గురువుగారు స్వయంగా వెళ్లారు! తన కోసం, ఈ వయసులో, ఈ బురదలో! అతని కళ్లు చెమర్చాయి. పడవెక్కాడు.

చినవలస చేరేసరికి వాన తెరిపిచ్చి ఎండ కాసింది. వీధిలో జనం అతణ్ణి చూసి మాటలు ఆపేశారు. అతను ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా తన ఇంటికి వెళ్లాడు. వీధి తలుపు వేసి ఉంది. లోపలికి వెళ్లడం నియమం కాదనుకుని, సందులోంచి పెరట్లోకి నడిచాడు.

ముందు వాసన తగిలింది. ముక్కు మూసుకున్నాడు.

పెరటి నూతి పక్కన బండ దగ్గర ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంచె గోచీ బిగించి ఉంది. ఒంటి మీద ఇంకేమీ లేదు. ఎడమ చేత్తో ఒక గుడ్డ చివర పట్టుకుని, కుడి చేత్తో చెంబు వంచుతూ, పసుపుపచ్చగా అంటుకున్న పసిబిడ్డ మలాన్ని కడుగుతున్నాడు. పోని చోట బొటనవేలితో రుద్దుతున్నాడు. పక్కన ఇంకా అలాంటి గుడ్డలే గుట్టగా ఉన్నాయి. మూడు రాళ్ల పొయ్యి మీద కాగులో నీళ్లు కాగుతున్నాయి.

"స్వామీ!"

అది అరుపో ఏడుపో అతనికే తెలియలేదు. స్వామి తలెత్తి చూశారు. "వచ్చావా?" అని మళ్లీ గుడ్డ వైపు తిరిగారు.

"స్వామీ, ఏమిటిది! మీరేమిటి, ఈ… ఈ గుడ్డలేమిటి! ఇలా ఇవ్వండి!"

"ఎందుకు?"

"ఎందుకేమిటి స్వామీ? మీరు ఉతకాల్సినవా ఇవి?"

"మరి ఎవరు ఉతకాలి?" అన్నారు స్వామి. మందలింపేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది ఆ గొంతు.

జోగినాయుడు చూపు ఎక్కడ నిలపాలో తెలియక తల పైకెత్తాడు. పెరటికి అడ్డంగా కట్టిన తాడు మీద గుడ్డలు ఆరుతున్నాయి. పాత చీరల ముక్కలు, తను వదిలేసి పోయిన పంచెల ముక్కలు. వాటి మధ్య కావిరంగు ముక్కలు. ఒక ముక్కకు మూల చిన్న కుట్టు. ఆ కుట్టు వేసింది తనే. ఎన్నడో కాదు, మొన్న మొన్ననే, సూదిలో దారం ఎక్కించి, మంత్రం చదువుకుంటూ వేశాడు.

గురువుగారి ఉత్తరీయం!

నూతి గట్టు పట్టుకున్నాడు.

"అది చింపింది నేనే అనుకుంటన్నావా?"

వెనక నుంచి గొంతు. తవిటమ్మ వంటింటి గడప దగ్గర, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. భుజం మీద, తువ్వాల్లో చుట్టిన బిడ్డ నిద్రపోతోంది.

"ఆ తాత చింపినాడు. వానకి ఒక్కటీ ఆరలేదు. బుట్ట బోర్లించి కుంపటి మీద ఆరబెట్టినా చాల్లేదు. పిల్ల వీపంతా ఒరిసిపోనాది. వొద్దు తాతా, దేవుడి గుడ్డ, పాపం తగులుతాదంటే విన్లేదు. ఇది చాలా మెత్తనమ్మా, ఒకతను రోజూ శ్రద్ధగా ఉతుకుతాడు అన్నాడు."

జోగినాయుడు తల దించుకున్నాడు.

తవిటమ్మ అతణ్ణీ స్వామినీ మార్చి మార్చి చూసింది. "నువ్వు స్వామీ అని పిలిచినావు. ఈ తాత నీకెలా తెలుసు?"

స్వామి చేతిలో గుడ్డ కింద పెట్టారు.

"భిక్షకి వొచ్చినాడు. బియ్యం లేవు తాతా అంటే, బియ్యం వొద్దమ్మా, ఆ గుడ్డలియ్యి అన్నాడు. ఏ ఊరు అంటే ఒడ్డవతల అన్నాడు…" ఆమె స్వామి వైపు తిరిగింది. కళ్లు పెద్దవయ్యాయి. "మీరేనా? ఈయన్ని ఉంచేసుకున్నది మీరేనా?"

స్వామి లేచి నిలబడ్డారు. తడి చేతులు రెండూ జోడించారు.

"నేనేనమ్మా. వెనక ఎవరూ లేరన్నాడు. నేను ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. రెండోసారి అడగాల్సింది. మంచి శిష్యుడు దొరికాడన్న ఆశ నాకు. ఆ తప్పు నాది."

గురువుగారు తనది తప్పు అనడం జోగినాయుడు ఎన్నడూ వినలేదు. అదీ తన భార్య ముందు, ఒంటి మీద గోచీ తప్ప గుడ్డ లేకుండా, చేతుల నిండా మైలతో.

తవిటమ్మకు కోపం వచ్చింది. ఏదో అనబోయింది. ఆ జోడించిన చేతుల వైపు చూసి, ముఖం తిప్పుకుని, గడప మీద కూలబడింది. ఏడుపు చప్పుడుకు బిడ్డ కదిలింది.

"జ్వరం తగ్గిందమ్మా నీకు. ఇంక భయం లేదు," అన్నారు స్వామి. "నేను వెళ్లొస్తాను."

చేతులు కడుక్కున్నారు. తాడు మీద ఉన్న కావిముక్కల వైపైనా చూడకుండా, ఒట్టి భుజాలతో సందులోకి నడిచారు. జోగినాయుడు పరుగున వెంటబడి కాళ్ల మీద పడ్డాడు.

"స్వామీ! నన్ను వదిలేస్తున్నారా? నా గతేమిటి స్వామీ? ఆమె నన్ను ఇంట్లోకి రానిస్తుందా? మళ్లీ మఠానికి రానా? ఏదో ఒకటి చెప్పండి!"

స్వామి వంగి అతణ్ణి లేపారు. ఆకాశం వైపు చూశారు. పడమట మళ్లీ మబ్బు పడుతోంది.

"ఎండ పోకముందే ఆరెయ్యి," అన్నారు.

వెళ్లిపోయారు.

జోగినాయుడు ఆ సందులో ఎంతసేపు నిలబడ్డాడో! తిరిగి వచ్చేసరికి గడప మీద తవిటమ్మ లేదు. బండ దగ్గర గుడ్డల గుట్ట అలాగే ఉంది. దాని మీద బిడ్డ కింద నుంచి అప్పుడే తీసి వేసిన ఇంకో గుడ్డ, ఇంకా వెచ్చగా ఉంది. కావిరంగుది.

కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. పక్కకు వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆ గుడ్డను దోసిట్లోకి తీసుకున్నాడు. అంతకు ముందు ఎన్నిసార్లు ఎత్తుకున్నాడో దాన్ని. ఏం చేయాలో తోచక, కాగులోంచి వేడినీళ్లు చెంబుతో ముంచాడు.

"అలా కాదు."

తవిటమ్మ లోపలి నుంచే అంది. ఆ గొంతులో మెత్తదనం లేదు. రమ్మనీ లేదు, పొమ్మనీ లేదు.

"వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తాది. ముందు చన్నీళ్లు."

జోగినాయుడు చెంబులో నీళ్లు మళ్లీ కాగులో పోసేశాడు. లేచి, చేద నూతిలోకి దించాడు.